తూచి పలికిన శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే

పదార్థాన్ని త్రాసులో వేసి తూచేవారు లోకంలో పెక్కుమంది ఉన్నారు. నోటి మాటను తూచి పలికేవారు కొందరే. ఈ రెండింటినీ సమానమైన నిష్ఠతో జీవితాంతం పాటించిన మహనీయుడు మైకేల్ ఫారడే.

రసాయనశాస్త్ర తరగతిలో విద్యుద్విశ్లేషణ పాఠం రాగానే ఈ పేరు వినబడుతుంది. రెండు నియమాలు, ఒక స్థిరాంకం, అయిదారు నిర్వచనాలు, వాటితోపాటు ఈ పేరు - ఇంతవరకు మన విద్యార్థులు కంఠస్థం చేస్తారు. పరీక్ష ముగిసిన మరునాడు నియమాలతోపాటు మనిషి కూడా మరుగున పడిపోతాడు. తెలుగు బోధించే మేము ఒక శాస్త్రజ్ఞుని జీవితాన్ని చెప్పబూనడానికి కారణం ఉంది. ఆ పాఠంలోని నియమాలను ఫారడే ఎంత శ్రమపడి సాధించాడో, అందులోని మాటలను కూడా అంతే శ్రమపడి సాధించాడు. ఆ మాటల చరిత్ర, ఆ మనిషి చరిత్ర వేరు వేరు కావు.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను నగరపు దక్షిణ భాగంలోని న్యూయింగ్టన్ బట్స్ అనే చోట జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఆయన ఆరోగ్యం అంతంత మాత్రం. పనిచేసిన నాడు పొయ్యి వెలిగేది, చేయని నాడు కరవే. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. 1801లో ధాన్యపు ధరలు మండిపోయినప్పుడు, తొమ్మిదేండ్ల ఈ బాలునికి వారానికి ఒక రొట్టె చేతికిచ్చి దానితోనే సరిపెట్టుకోమన్నారట. చదవడం, వ్రాయడం, కొద్దిపాటి లెక్కలు - ఇదే అతనికి దక్కిన బడి చదువు.

ఆ కుటుంబం శాండిమేనియన్ అనే చిన్న క్రైస్తవ శాఖకు చెందినది. రాజ్యం గుర్తించిన అధికార చర్చికి వెలుపల నిలిచినవారు వారు. అట్టివారికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పట్టాలు ఆనాడు అందేవి కావు. పేదరికం ఒక తలుపు మూస్తే, ఆనాటి చట్టం మరొక తలుపు మూసింది. అయినా ఫారడే తన విశ్వాసాన్ని దాచలేదు, విడువలేదు. కడవరకు ఆ చిన్న సమాజంలోనే సభ్యుడుగా, కొంతకాలం పెద్దగా ఉన్నాడు.

1804లో జార్జి రీబో అనే పుస్తక వ్యాపారి దగ్గర అతడు పనికి కుదిరాడు. అద్దెకిచ్చిన వార్తాపత్రికలను ఇంటింటికి చేర్చడం, చదివిన తరువాత తిరిగి తీసుకురావడం మొదటి పని. మరుసటి ఏడాది అదే అంగడిలో ఏడేండ్ల ఒప్పందంపై పుస్తకాలు కుట్టి అట్టవేసే పనిలో శిష్యుడుగా చేరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను కుట్టి ఊరకుండక, చదవడం మొదలుపెట్టాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలోని విద్యుత్తు వ్యాసం, జేన్ మార్సెట్ అనే విదుషి సంభాషణల రూపంలో వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథం అతని కన్నులు తెరిపించాయి. చదివినదానిని అట్లే నమ్మక, తన చిల్లర డబ్బులతో కొనగలిగిన సామగ్రితో ప్రయోగం చేసి చూచుకొని, నిజమైతేనే మనసులో నిలుపుకునేవాడు. అన్న రాబర్ట్ కూడా కమ్మరియే. లండనులో జరిగే శాస్త్రోపన్యాసాలకు ప్రవేశరుసుం ఒక్కొక్క షిల్లింగు. ఆ షిల్లింగులు అన్న ఇచ్చేవాడు.

ఆ కాలం విద్యుత్తుకు నవోదయం. 1800లో ఇటలీకి చెందిన వోల్టా, రెండు వేర్వేరు లోహాల బిళ్ళల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టలు పెట్టి పేర్చితే ఎడతెగని విద్యుత్ ప్రవాహం లభిస్తుందని ప్రకటించాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనేవారు ఆ ప్రవాహంతో నీటిని ఉదజనిగా, ఆమ్లజనిగా విడదీశారు. 1807లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ అదే ఉపాయంతో పొటాసియం, సోడియం లోహాలను తొలిసారిగా వెలికితీశాడు.

1812 జూలైలో ఇరవై ఏండ్ల ఫారడే కూడా ఒక విద్యుత్ ఘటాన్ని తయారు చేశాడు. జింకు రేకును అర్ధపెన్నీ నాణెమంత బిళ్ళలుగా ఏడింటిని కత్తిరించి, ఏడు రాగి అర్ధపెన్నీలతో జతచేసి, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన కాగితపు ముక్కలుంచాడు. జేబులోని చిల్లర నాణేలే అతని ప్రయోగశాల. ఆ చిన్న పేర్పు మెగ్నీషియం సల్ఫేట్ ద్రావణాన్ని విడదీయగలిగింది. ఆ సంతోషాన్ని పట్టలేక తన స్నేహితుడు బెంజమిన్ ఆబట్‌కు ఉత్తరం వ్రాశాడు. ఇరవై రెండేండ్ల తరువాత లోకానికి అతడందించిన నియమాలకు ఇది బీజం.

అదే సంవత్సరం అంగడికి వచ్చే ఒక సంగీత విద్వాంసుడు డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇప్పించాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా బొమ్మలతో సహా చక్కగా తిరగవ్రాసి, స్వయంగా అట్టకట్టి, ఆ గ్రంథాన్ని డేవీకి పంపాడు. తనకు తెలిసిన చేతిపనినే సిఫారసు లేఖగా మలచుకున్నాడన్నమాట. కొన్నాళ్ళకు ప్రయోగశాలలో ఒక సహాయకుని స్థానం ఖాళీ అయింది. 1813 మార్చి 1వ తేదీన, వారానికి 25 షిల్లింగుల వేతనంతో, ఆ భవనంపై అంతస్తులో నివాసంతో ఫారడే అక్కడ చేరాడు.

చేరిన ఏడాదే డేవీ దంపతులతో ఐరోపా యాత్రకు బయలుదేరాడు. డేవీ పరిచారకుడు చివరి క్షణంలో రాననడంతో ఆ పనులు కూడా ఈ యువకునిపై పడ్డాయి. డేవీ భార్య అతనిని సేవకుని వలెనే చూచింది. అవమానాన్ని దిగమింగి ఫారడే ఆ యాత్రనే తన విశ్వవిద్యాలయంగా చేసుకున్నాడు. పారిస్‌లో ఆంపియర్‌ను, మిలాన్‌లో వృద్ధుడైన వోల్టాను చూచాడు. 1815లో తిరిగి వచ్చేనాటికి అతడు శాస్త్రజ్ఞుల భాష తెలిసినవాడైనాడు. కాలక్రమంలో శిష్యుని కీర్తి పెరిగింది. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి అతని పేరు వచ్చినప్పుడు అధ్యక్షస్థానంలో ఉన్న డేవీయే వ్యతిరేకించాడు. అయినా ఫారడే ఎన్నికైనాడు. గురువుపట్ల గౌరవం మాత్రం చెదరనివ్వలేదు.

1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొని ఫారడే లోకప్రసిద్ధుడైనాడు. ఈనాటి జనరేటర్లన్నింటికీ ఆధారం అదే. ఆ కీర్తితో తృప్తిచెందక వెంటనే మరొక ప్రశ్న చేపట్టాడు. ఘటం నుండి వచ్చే విద్యుత్తు, గాజును రాపిడి చేస్తే పుట్టే విద్యుత్తు, ఆకాశంలో మెరిసే మెరుపు - ఇవన్నీ ఒకటేనా? ఒక్కొక్కదానినీ పరీక్షించి, అన్నీ ఒకటేనని 1833లో నిరూపించాడు.

అదే సంవత్సరం మరొక వింత అతని కంటబడింది. నీటి గుండా ప్రవహించే విద్యుత్తు, ఆ నీరే మంచుగడ్డగా మారితే ఆగిపోయింది. ఈ ఒక్క వింతను వదలక వెంబడించాడు. ఘనరూపంలో విద్యుత్తును అడ్డగించే లవణాలు పెక్కు, కరిగించగానే దారి ఇచ్చి, తాము విడిపోతున్నాయని గ్రహించాడు. ఘనపదార్థంలో కణాలు కదలలేవు, ద్రవంలో కదలగలవు అని మన పాఠ్యపుస్తకం ఒక వాక్యంలో చెప్పే విషయం ఇదే.

ఆనాటి పండితులు ఒక మాట నమ్మేవారు. ద్రావణంలో ముంచిన రెండు లోహపు కొనలు అయస్కాంత ధ్రువాల వలె పదార్థభాగాలను తమవైపు లాగుకుంటాయని వారి అభిప్రాయం. అందుకే వాటిని ధ్రువాలన్నారు. ఫారడే ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. సోడియం సల్ఫేట్ ద్రావణంలో తడిపిన ఒక లిట్మస్ కాగితాన్ని, ఒక పసుపు కాగితాన్ని ఆనించి ఉంచి, వాటి కొనలకు ఏ లోహమూ తగలకుండా, గాలిలో కొంత ఎడంగా సూదిమొనలు నిలిపి విద్యుత్తును పంపాడు. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబారుతుందని మన ఇండ్లలో పారాణి కలిపే ప్రతి తల్లికీ తెలుసు. క్షారం తగిలిన పసుపుకు అది సహజగుణం. అక్కడా అదే జరిగింది. ఒక కొనలో లిట్మస్ ఆమ్లంతో ఎర్రనైంది, మరొక కొనలో పసుపు క్షారంతో రంగు మారింది. లాగడానికి లోహపు ధ్రువమే అక్కడ లేదు. అయినా విశ్లేషణ జరిగింది. కనుక విడదీసే శక్తి ధ్రువంలో లేదు, ప్రవాహం సాగే పదార్థంలోనే ఉంది.

తరువాత కొలత పని మొదలైంది. ఎంత విద్యుత్తు సాగిందో తెలుసుకోవడానికి, నీటి నుండి వెలువడిన వాయువును గుర్తులు పెట్టిన గాజుగొట్టంలో పట్టి కొలిచే పరికరాన్ని తయారు చేశాడు. దానికి వోల్టామీటర్ అని పేరు స్థిరపడింది. అటుపిమ్మట సందేహాలను ఒక్కొక్కటిగా తీసివేయసాగాడు. లోహపు రేకులను పెద్దవి చేశాడు, చిన్నవి చేశాడు. ఆమ్లాన్ని చిక్కబరిచాడు, పలుచబరిచాడు. ప్రవాహపు తీవ్రతను పెంచాడు, తగ్గించాడు. ఇన్ని మారినా, సాగిన విద్యుత్తు సమానమైతే విడిపోయిన పదార్థం కూడా సమానంగానే ఉంది. ఇదే మొదటి నియమం. విడుదలయ్యే పదార్థపు ద్రవ్యరాశి సాగిన విద్యుత్ పరిమాణానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

ఒకే ప్రవాహాన్ని వరుసగా వేర్వేరు పదార్థాల గుండా పంపినప్పుడు రెండవ నియమం బయటపడింది. కరిగించిన తగరపు క్లోరైడును వోల్టామీటరుతో జతచేసి, పేరుకున్న తగరాన్ని త్రాసులో తూచాడు. ఒక భాగం ఉదజనికి సమానమైన తగరం సగటున 58 భాగాలకు కొంచెం పైన వచ్చింది. రసాయన మార్గంలో ఆనాటికి తెలిసిన తగరపు తుల్యాంకం కూడా 58కి సమీపంలోనే ఉంది. విద్యుత్తు త్రాసు, రసాయన త్రాసు ఒకే మాట చెప్పాయి. సమానమైన విద్యుత్తు వేర్వేరు పదార్థాలను వాటి తుల్యాంక భారాల నిష్పత్తిలోనే విడుదల చేస్తుంది. ఈ ఫలితాలను 1834లో రాయల్ సొసైటీకి సమర్పించాడు.

విద్యార్థుల సౌకర్యానికై ఈనాటి కొలతలలో చెబుతాం. ఒక ఆంపియర్ ప్రవాహం ఒక గంటసేపు సాగితే 3,600 కూలుంబులు. అది మైలుతుత్తం ద్రావణం నుండి సుమారు 1.18 గ్రాముల రాగిని, వెండి నైట్రేట్ ద్రావణం నుండి సుమారు 4.02 గ్రాముల వెండిని పేరుస్తుంది. ఒక తుల్యాంక భారం విడుదల కావాలంటే సుమారు 96,500 కూలుంబులు కావాలి. ఆ పరిమాణానికే ఫారడే అని పేరు. పాత్ర గాజుదైనా మట్టిదైనా, చేసేవాడు పండితుడైనా పామరుడైనా ఈ లెక్క మారదు.

ఇక మాటల సంగతి. ధ్రువం అనే మాట తప్పు అభిప్రాయాన్ని మోస్తున్నదని తెలిసిన తరువాత ఆ మాటనే వాడటం ఫారడేకు నచ్చలేదు. అతనికి గ్రీకు రాదు, లాటిన్ రాదు. రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. తన వైద్యుడైన విట్లాక్ నికల్‌ను అడిగి, విద్యుత్తు దారి అనే అర్థంలో ఎలక్ట్రోడ్ అనే మాటను, విద్యుత్తుచే విడివడేది అనే అర్థంలో ఎలక్ట్రోలైట్ అనే మాటను సంపాదించాడు. ఆపైన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల పండితుడు విలియం హ్యూవెల్‌కు 1834లో ఉత్తరాలు వ్రాశాడు. ఏ విశ్వవిద్యాలయపు పట్టా తనవంటివారికి అందదో, ఆ విశ్వవిద్యాలయపు పండితుడే అతనికి మాటలు కూర్చిపెట్టాడు. ఆనోడ్, కాథోడ్, అయాన్ అనేవి అట్లా పుట్టాయి.

వీటి అర్థాలు మనోహరమైనవి. విద్యుత్తు ఏ దిశలో సాగుతుందో నిజంగా ఎవరికీ తెలియదని ఫారడే ఎరుగును. రేపు మరొక సత్యం బయటపడినా చెడిపోని మాట కావాలని అతని కోరిక. కనుక భూమిచుట్టూ సూర్యుడు నడిచినట్లు కనబడే దారిని, అనగా తూర్పు నుండి పడమరను, గుర్తుగా తీసుకున్నాడు. ప్రవాహం ప్రవేశించే చోటు సూర్యుడు పైకెక్కే దారి, అది ఆనోడ్. వెలువడే చోటు సూర్యుడు క్రుంకే దారి, అది కాథోడ్. ప్రయాణం చేసేది అయాన్, అనగా వెళ్ళేది. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాను ఉనికిని స్థాపించిన తరువాత, తీగలో కదిలేవి ఎదురు దిశలో కదులుతున్నాయని తేలింది. అయినా ఆ మాటలు చెక్కుచెదరలేదు. ఎరిగినంతవరకే చెప్పిన మాటకు ఆయుస్సు ఎక్కువ.

ఇక్కడ మన భాషలను గురించి ఒక మాట చెప్పవలసి ఉంది. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో ధనధ్రువం, ఋణధ్రువం అనే మాటలు వాడుకలోకి వచ్చాయి. ఫారడే విడిచిపెట్టిన ధ్రువమే మన దగ్గర నిలిచిపోయింది. ఈ చరిత్ర తెలిసి వాడితే దోషం లేదు. తెలియక వాడితే ఆ పాత అపోహ కూడా వెంట వస్తుంది. గ్రీకులో ఎలక్ట్రాన్ అంటే సీమగుగ్గిలం వంటి అంబరు. సంస్కృతంలో విద్యుత్ అంటే మెరుపు. ఉర్దూలో విద్యుత్తును తెలిపే బర్ఖ్ కూడా మెరుపే. 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమా పండితులు ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినప్పుడు, తెలుగు అకాడమీ 1968 నుండి తెలుగులో పాఠ్యగ్రంథాలు వెలువరించినప్పుడు, ఫారడేకు ఎదురైన ఇబ్బందే వారికీ ఎదురైంది. కొత్త వస్తువుకు పాత భాషలో మాట వెదకడం వెనుకబాటుతనం కాదు. విద్యుద్విశ్లేషణ పితామహుడు చేసిన పని కూడా అదే. శాస్త్రపు మాటలు ఇంగ్లీషులో పుట్టి పెరిగాయని మన విద్యార్థులు తమ భాషను చూచి చిన్నబోనక్కరలేదు. ఇంగ్లీషుకు కూడా అవి అరువు సొమ్మే.

ఫారడే చెప్పినదంతా అట్లే నిలిచిందని మేము అనడం లేదు. స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ అతని నియమాలను అంగీకరించలేదు. ప్రవాహమే అణువులను విడదీసి అయాన్లను పుట్టిస్తుందని ఫారడే తలచాడు. లవణం నీటిలో కరిగినప్పుడే అయాన్లుగా విడిపోయి ఉంటుందని 1880 దశకంలో అరీనియస్ చూపాడు. పరమాణువులను గురించి గట్టిగా మాట్లాడటానికి ఫారడే వెనుకాడేవాడు. అయితే అతని కొలతలనే ఆధారం చేసుకొని, విద్యుత్తు కూడా విడివిడి రేణువులుగా ఉండాలని 1881లో హెల్మ్‌హోల్ట్జ్ లండనులోనే వాదించాడు. ఊహలు కొన్ని మారాయి. తూచిన తూకం మారలేదు.

ఈ నియమాలు పరిశ్రమకు పునాది వేశాయి. వెండిపూత, బంగారుపూత, రాగిని శుద్ధిచేయడం, 1886లో హాల్, హెరోల్ట్ కనుగొన్న పద్ధతిలో అల్యూమినియం తీయడం - అన్నింటికీ ఈ లెక్కే ఆధారం. మన వంటింటి అల్యూమినియం గిన్నె వెనుక కూడా ఫారడే ఉన్నాడు.

ఇంత చేసినవాడు ధనం కూడబెట్టలేదు. వ్యాపారసంస్థలకు రసాయన పరీక్షలు చేసిపెట్టి సంపన్నుడయ్యే అవకాశం ఉండగా, పరిశోధనకు కాలం చాలదని వదులుకున్నాడు. 1835లో ప్రభుత్వం ఉపకారవేతనం ఇవ్వదలచినప్పుడు ప్రధానమంత్రి మెల్బోర్న్ ప్రభువు ఇటువంటి వేతనాలను గురించి చులకనగా మాట్లాడాడు. ఫారడే ఆనాడే వద్దని వ్రాసి పంపాడు. ప్రధానమంత్రి క్షమాపణ కోరిన తరువాతనే ఏడాదికి 300 పౌండ్లు స్వీకరించాడు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని వద్దన్నాడు. క్రిస్మస్ రోజులలో పిల్లలకు ఉపన్యాసాలివ్వడం మాత్రం ఇష్టంగా చేశాడు. ఒక కొవ్వొత్తిని ఆధారం చేసుకొని రసాయనశాస్త్రమంతా చెప్పిన ఆ ఉపన్యాసాలు నేటికీ చదువబడుతున్నాయి.

కడపటి ఏండ్లలో జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. ఎంతో తూచి పలికిన ఆ నోటికి మాటలు అందకుండా పోయాయి. 1867 ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టులోని ఇంటిలో, కుర్చీలో కూర్చుండగానే ప్రశాంతంగా కన్నుమూశాడు. అతని కోరిక మేరకు ఆడంబరం లేకుండా హైగేట్ శ్మశానంలో, అధికార చర్చికి చెందనివారి భాగంలో సమాధి చేశారు. రాతిపై పేరు, పుట్టిన తేదీ, గతించిన తేదీ తప్ప బిరుదులేవీ లేవు.

ఈ వ్యాసం చదివే విద్యార్థులలో ఇంటిలో తొలిసారిగా కళాశాల మెట్లెక్కినవారు ఉన్నారు. పుస్తకం కొనలేక అడిగి తెచ్చుకునేవారు ఉన్నారు. ఫారడే జీవితం వారికి జాలి మాటలు చెప్పదు, పని చెబుతుంది. చేతికందిన పుస్తకాన్ని చదవండి. చదివినదానిని పరీక్షించండి. రానిదానిని వచ్చినవారి దగ్గర అడగండి. తెలిసినంతవరకే చెప్పండి, చెప్పినదానికి కట్టుబడండి. ఇకమీదట ప్రయోగశాలలో రాగిరేకును తూచేటప్పుడు, ఏడు అర్ధపెన్నీలతో మొదలైన ఆ త్రాసునొకసారి తలచుకోండి. రాగిరేకుపై ఎంత పేరుకున్నదో అది మీరు పంపిన విద్యుత్తుకు లెక్క. అంతకు మించి ఒక రవ్వ రాదు, అంతకు తక్కువ కాదు. చదువు విషయంలో కూడా ఆ లెక్కే మన విద్యార్థులకు వర్తించాలని, వారి శ్రమకు అడ్డుగా ఏ తలుపూ మూసి ఉండరాదని మేము కోరుకుంటున్నాం.